నొప్పులు రానివ్వద్దన్నారు

పోయిన వారం మన టైలరమ్మని డాక్టరమ్మ గది బయట ఇనప బల్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. నిండు నెలల మనిషిని వారం పాటు అలా కూర్చోబెట్టడం తప్పే. కానీ ఏం చేస్తాం, లోపలున్నావిడ బయటికొస్తేనే గదా బయటున్నావిడకి పిలుపు.

మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆమె బట్టలు కుడుతుంది. రోడ్డు వారన ఇరుకు కొట్లో కూర్చుని ప్యాంట్లకి నడుం వదులు చేస్తుంది, చొక్కాల చేతులు పొట్టి చేస్తుంది, తెగిన జిప్పులు మారుస్తుంది. మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా పైకీ కిందికీ తిరిగే మనిషి, ఇంట్లో ఏ గొడవొచ్చినా మాత్రం రెండంతస్తుల మధ్య ఆగిపోతాడని ఆమె ఫిర్యాదు. మొదటి బిడ్డ, అదే మన బుల్లి, ఎనిమిదో నెల్లోనే ఆపరేషన్‌తో పుట్టింది. దాని నోట్లో పళ్ళు మొలవకముందే రెండోది కడుపులో పడింది. కొట్టుకొచ్చేవాళ్ళు నవ్వారు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. కాన్పుకీ కాన్పుకీ మధ్య కనీసం ఏడాదిన్నర ఎడం ఉండాలనీ, కోసి కుట్టిన చోటు గట్టిపడ్డానికి ఆ మాత్రం గడువు కావాలనీ కళ్ళద్దాలు తీసి మరీ చివాట్లు పెట్టింది.

అయినా టైలరమ్మ పట్టు టైలరమ్మది. ఈసారి నొప్పులు పడే కంటానంది.

ఎందుకంత పట్టుదలో చెప్పకపోతే ఆమెకి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. బుల్లి పుట్టినప్పుడు ఆమె మత్తులో ఉంది. మొదటి ఏడుపు వినలేదు, పుట్టగానే చూడలేదు. తెలివొచ్చేసరికి బిడ్డ అత్తగారి చేతుల్లో ఉంది. తర్వాత కుట్టు చీము పట్టింది, జ్వరం పట్టుకుంది, బిడ్డని ఎత్తుకోవద్దన్నారు. మళ్ళీ ఎత్తుకునే వేళకి బుల్లి అత్తగారి భుజానికి అలవాటు పడిపోయింది. ఇప్పటికీ దెబ్బ తగిలితే "నానమ్మా" అనే ఏడుస్తుంది. దాన్ని తప్పు పట్టడానికి లేదు, అత్తగారినీ తప్పు పట్టడానికి లేదు. అందుకే ఆమెకి మరీ బాధ.

డాక్టరమ్మ నెలల తరబడి ఆలోచించి సగం మనసుతో ఒప్పుకుంది. లోపలి కోత అడ్డంగా ఉన్నదైతేనే, నొప్పులు వాటంతటవే వస్తేనే, మొదటి నొప్పికే తనకి చెబితేనే, ఏ క్షణాన కొయ్యాల్సి వచ్చినా మారు మాట్లాడకపోతేనే. అన్నిటికీ ఆమె బుద్ధిగా తలాడించింది. బుల్లి పుట్టిన ఆస్పత్రి మూతపడింది, అక్కడి డాక్టరు ఏ ఊరెళ్ళాడో ఎవరికీ తెలీదు. కోత అడ్డమా నిలువా అని అడిగితే ఆమే చెప్పింది, "అడ్డమేనండీ" అని. ఒంటి మీద కుట్టు కనిపిస్తూనే ఉంది. ఆపరేషన్ రోజున చుట్టూ అందరూ "అడ్డం, అడ్డం" అనుకోవడం మత్తులోంచి తేలుతూ ఆమె చెవిన పడింది కూడా.

ఈ ఏర్పాటంతా మొగుడూ పెళ్ళాల మధ్యే ఉండిపోయింది. అత్తగారికి చెబితే ఇల్లు పీకి పందిరేస్తుందని ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఆవిడ లెక్కలో ఇదీ ఆపరేషనే. ఈ రోజు మొగుడికి ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని కబురొచ్చి పరిగెత్తాడు గనక, బుల్లిని పక్కింట్లో దింపి, అత్తగారే తోడొచ్చింది.

అదీ కథ. ఇక ఆ ఇనప బల్ల మీద ఇప్పుడేం జరుగుతోందో చూద్దాం.

ఆమె పొట్ట బిగుసుకుంది. నడుం వెనక మొదలై ముందుకొచ్చి, గట్టిగా పట్టి, వదిలింది. ఇది మొదటిది కాదు. పొద్దున్న ముఖం కడుక్కునేటప్పటి నుంచీ ఇదే వరస. ఎవరికీ చెప్పలేదు. మొదటి నొప్పికే చెప్పమంది గదా డాక్టరమ్మ అంటారా? ఆమె దగ్గర దానికీ జవాబుంది. ఇవి నిజం నొప్పులో దొంగ నొప్పులో ఇంకా తేలలేదు. పైగా తను ఉన్నది ఆస్పత్రిలోనే, డాక్టరమ్మ గుమ్మం ముందే, ఇంతకంటే దగ్గరగా ఎలా వస్తుంది? కాస్త ముదరనిస్తే ఇక ఎవరూ ఆపలేరు, తను కని చూపించొచ్చు. మనసుకి కావలసిన దానికి సాకులు కుట్టుకోవడంలో మన టైలరమ్మది మంచి చెయ్యి.

"అమ్మాయ్, నొప్పి గానీ వస్తోందా?" అంది పక్కనుంచి అత్తగారు.

"లేదత్తయ్యా."

ఈ ప్రశ్నకి ఈ జవాబు చెప్పి చెప్పి ఆమె నోరు అరిగిపోయింది. బుల్లి పుట్టిన నాటి నుంచీ అత్తగారిది ఇదే పాట. పొద్దున్న లేస్తే "నొప్పి వస్తోందా?" బకెట్టు ఎత్తబోతే "దించు, నొప్పొస్తుంది." వద్దన్నా కాళ్ళు ఒత్తేది. కాలితో తొక్కే మిషన్‌కి, కోడలికి చెప్పకుండా, మోటారు పెట్టించింది. చిన్నప్పటి నుంచీ ఇస్త్రీ పని చేసి చేసి భుజం పడిపోయిన మనిషి, తన భుజం నొప్పిని ఏనాడూ పట్టించుకోలేదు గానీ కోడలు తుమ్మినా హడలిపోయేది. కొట్టుకొచ్చేవాళ్ళు ఆటపట్టించేవారు, "ఇవాళ మీ అత్తగారు అడిగారా లేదా?" అని. ఆమె నవ్వేసేది. లోపల మాత్రం ఊపిరాడేది కాదు.

"లోపలికి రండి" అంది సిస్టర్.

గదిలో గోడకి ఆనించి పొడుగాటి బల్ల, పక్కన కర్టెను, మూల చేతులు కడుక్కునే తొట్టి. డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమెని పడుకోమంది. పొట్ట మీద చెయ్యి వేసింది. ఆమె ఊపిరి బిగపట్టి పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూసింది. ఇప్పుడు రాకు, ఇప్పుడొక్కసారి రాకు అని వేడుకుంది. రాలేదు. డాక్టరమ్మ చేతి కింద పొట్ట పిండిముద్దలా మెత్తగా ఉండిపోయింది.

"తల కిందికే ఉంది. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. నీ రాత బాగున్నట్టుందమ్మా" అంది డాక్టరమ్మ. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "చూడండమ్మా, ఇప్పటికి అంతా సవ్యంగానే ఉంది. ఇక చెయ్యాల్సిందేమీ లేదు. నొప్పులు రానివ్వండి."

అత్తగారు చేతిలో సంచీ కింద పెట్టింది.

"రానివ్వడమేంటండీ? రానివ్వద్దన్నారుగా."

"ఎవరు?"

"అప్పటి డాక్టరుగారు. బుల్లిని తీసిన ఆయన."

ఆమె బల్ల మీద లేచి కూర్చుంది. అత్తగారు మొదలుపెట్టింది, ఇక ఆపడం ఎవరి తరమూ కాదనుకుంది. "అత్తయ్యా, అది వేరే" అని ఏదో అనబోయింది.

డాక్టరమ్మ చెయ్యెత్తి ఆమెని ఆపింది. గొంతు పెంచలేదు, కుర్చీ లాక్కుని అత్తగారికి ఎదురుగా కూర్చుంది.

"ఆయనేమన్నారో ఉన్నదున్నట్టు చెప్పండమ్మా. తొందరేం లేదు."

"చెప్పడానికేముందండీ. ఉమ్మనీరు పోయిందని పరుగు మీద తీసుకెళ్ళాం. మావాడు లేడు, నేనొక్కదాన్నే. లోపలికి తీసుకుపోయారు. కాసేపటికి బిడ్డని గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టారు. ఇంతే ఉందండీ. ఊపిరి తీసుకుంటోందో లేదో అని నేను దాని ముక్కు వంకే చూస్తున్నా. ఆయన గుమ్మంలో నిలబడి చెప్పుకుపోతున్నాడు. బిడ్డ అడ్డం పడిందమ్మా, నీళ్ళన్నీ పోయాయి, చెయ్యి దూరే సందు లేదు, అందుకని…" అని ఆవిడ ఆగి, గుర్తు చేసుకుంటున్నట్టు కళ్ళు మూసుకుంది. ఇస్త్రీ చేసి చేసి కాయలు కాచిన అరచెయ్యి తన పొట్ట మీద పెట్టి, బొడ్డు దగ్గర నుంచి కిందికి తిన్నగా లాగింది. "ఇలా చేత్తో చూపించాడు. చూపించి, ఈ అమ్మాయికి ఇక ఎప్పుడూ నొప్పులు రానివ్వకండి, బాగా గుర్తుపెట్టుకోండి, ప్రాణం మీదికొస్తుంది అన్నాడు. గుర్తుపెట్టుకున్నానండీ. ఒక్క పూట మరిచిపోలేదు."

సిస్టర్ చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది.

"చేత్తో ఎలా చూపించారు? ఇంకోసారి చూపించండి" అంది డాక్టరమ్మ.

ఆవిడ మళ్ళీ చూపించింది. పై నుంచి కిందికి.

"అడ్డంగా కాదు గదా? ఇలా?" అని డాక్టరమ్మ తన చేత్తో అటు నుంచి ఇటు గీసింది.

"కాదండీ. నిలువుగానే."

"అత్తయ్యా" అంది ఆమె. "అడ్డం అన్నారు గదా. ఆ రోజంతా అడ్డం, అడ్డం అని మీరూ అన్నారు. నేను విన్నాను."

"బిడ్డ అడ్డం అన్నానమ్మా. కోత సంగతి నాకేం తెలుసు?"

"పైన కుట్టు అడ్డంగానే ఉంది గదండీ" అని ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది. బతిమాలుతున్నట్టే ఉంది ఆ మాట.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. "పైన చర్మం మీద అడ్డంగానే కోస్తారమ్మా. లోపల గర్భసంచీని ఎలా కోశారో పైనుంచి చెప్పలేం. కింది భాగంలో అడ్డంగా కోస్తే అది పల్చటి చోటు, అంతగా బిగియదు, నొప్పులకి చాలావరకు తట్టుకుంటుంది. పై భాగంలో నిలువుగా కోస్తే, నొప్పులొచ్చినప్పుడల్లా బిగిసేది సరిగ్గా ఆ చోటే. కుట్టు విడిపోవచ్చు. విడిపోతే నీకూ బిడ్డకీ కూడా క్షణాల్లో ప్రాణం మీదికొస్తుంది. అందులోనూ నీకు ఎడం లేదు. బిడ్డ అడ్డం పడిందన్న మాట మొదటి రోజే నా చెవిన పడి ఉంటే, నేను నీ మాటకి తలూపేదాన్నే కాదు."

ఆమెకి మొన్నీమధ్య కొట్లో జరిగింది గుర్తొచ్చింది. ఒకాయన కోటు తెచ్చి, పైన అంతా బాగానే ఉంది, గుండీ ఒక్కటీ వేసివ్వమన్నాడు. ఆమె కోటు తిరగేసి లైనింగు చూపించింది, చంక దగ్గర కుట్టంతా వదిలేసి ఉంది. పైకుట్టు చూసి లోపలి కుట్టు చెప్పకూడదండీ అని ఆయనకి పెద్ద పాఠమే చెప్పింది. ఊరందరి బట్టలూ తిరగేసి చూసే మనిషి తన ఒంటి మీద పైకుట్టు చూసి ఊరుకుంది. ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ బయటికి రాలేదు.

"ఇప్పుడేం చేస్తారు?" అంది.

"ఇక ఎదురుచూడ్డం లేదు. నొప్పులు మొదలవకముందే ఆపరేషన్ చేసి బిడ్డని తీసెయ్యాలి." డాక్టరమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. "నాకు తెలుసు నువ్వెంత ఆశపడ్డావో. ఈసారి మత్తు నడుం కిందికే ఇస్తాం, తెలివిగానే ఉంటావు. ఏడుపు వింటావు, పుట్టగానే బిడ్డని నీ గుండె మీద పెడతాం. సరేనా? ఒక్క మాట నిజం చెప్పు. ఇప్పుడేమీ నొప్పులు రావట్లేదు గదా?"

"లేదండీ" అంది ఆమె.

ఎందుకందో ఆమెకే తెలియదు. రోజూ వాడే కత్తెర వేళ్ళలోకి దానంతటదే వచ్చినట్టు ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తీసుకుందామని నోరు తెరిచేసరికి డాక్టరమ్మ అప్పటికే లేచింది.

"అయితే ఒక గండం గడిచింది. పైన నాకొక ఆపరేషన్ ఉంది, అది చూసుకుని వస్తాను. ఇవాళే ఇక్కడ చేరిపో, రేపు పొద్దున్నే పెట్టుకుందాం. సిస్టర్, వార్డులో మంచం చూడండి." తలుపు మూసుకుంది. సిస్టర్ కూడా వెనకే వెళ్ళింది.

గదిలో అత్తా కోడళ్ళు మిగిలారు.

ఆమెకి ఎవరి మీద కోప్పడాలో తోచలేదు. ఎదురుగా ఉన్నది అత్తగారే గనక కోపం అటే పోయింది.

"ఇంత మాట మనసులో పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎలా ఊరుకున్నారత్తయ్యా?"

"మనసులో ఎక్కడ పెట్టుకున్నానమ్మా?" అంది అత్తగారు. "రోజూ అడుగుతూనే ఉన్నాగా."

అయినా ఆమె ఊరుకోలేదు.

"నొప్పులంటే కాన్పు నొప్పులండీ. ఆయనన్నది అది. మీకూ ఒక బిడ్డ పుట్టాడు గదా, ఆ మాత్రం తట్టలేదా?"

"అప్పుడే కోసి కుట్టి, నిన్ను మంచం మీదికి చేరుస్తున్నారు. అలాంటి మనిషికి నొప్పులు రానివ్వకండి అంటే నాకేం తడుతుంది? మళ్ళీ కాన్పు మాట ఆ పూట ఎవరికి తడుతుంది?" ఆవిడ కింద పెట్టిన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నొప్పంటే నొప్పే అనుకున్నా. నడుం నొప్పైనా, కాలి నొప్పైనా. నీకెక్కడ నొప్పొచ్చినా నా చేతగానితనమే అనుకున్నా. నీళ్ళ బకెట్టు, మిషన్, బుల్లిని ఎత్తుకోవడం… అన్నీ నీ చేతిలోంచి లాక్కున్నా. నీకు కష్టమని తెలుసు. బుల్లి నాకు అలవాటు పడిపోతుంటే నువ్వు అటు తిరిగి కళ్ళు తుడుచుకోవడం చూశాను. అయినా ఇవ్వలేదు. ప్రాణం మీదికొస్తుందన్నాడు, అమ్మాయ్."

ఇన్నాళ్ళూ అత్తగారు తన బిడ్డని కొల్లగొట్టుకుపోతోందని ఆమె లోలోపల కుమిలిపోయింది. ఆవిడ కాపలా కాసింది తననన్నమాట. కాపలాదారుకి దేని నుంచి కాస్తున్నదీ తెలీదు, అంతే తేడా.

"మరి నువ్వో?" అంది అత్తగారు మెల్లగా. "నొప్పులు పడి కంటానని ఇంట్లో ఒక్క ముక్క అన్నావా? అని ఉంటే అప్పుడే చెప్పేదాన్నిగా. ఏం, నేను పరాయిదాన్నా?"

"గొడవ చేస్తారనుకున్నాం."

"చేసేదాన్నే. గొడవ చేస్తేనే గదా తేలేది." ఆవిడ ముక్కు చీదింది. "పోనీలే. ఇక నుంచి నోరెత్తను. అడిగి అడిగి నిన్ను చంపుకుతిన్నాను గానీ అడగాల్సింది అడగలేదు. ఇంక నేనేమీ అడగను."

అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

అప్పుడే వచ్చింది. నడుం వెనక నుంచి కాదు ఈసారి, ముందు నుంచే. పొట్టంతా రాయిలా బిగిసింది. ఆమె బల్ల అంచు పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి. కూర్చున్నచోటే ముందుకు వంగి, లాగి బిగించిన తీగలాంటి సన్నటి చప్పుడేదో తన గొంతులోంచి రావడం వింది.

అత్తగారికీ వినపడే ఉండాలి. వీపు కదిలింది. ఎప్పుడూ లేంది, తిరగలేదు. మాటిచ్చింది గదా.

జీవితంలో మొదటిసారి ఆమె ఆ ప్రశ్న కోసం ఎదురుచూసింది. అడిగితే బాగుండు. నొప్పి గానీ వస్తోందా అని ఒక్కసారి అంటే చాలు, ఈసారి లేదనదు. ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది, తొట్టిలో కొళాయి బొట్టు బొట్టుగా కారుతోంది, అడిగే మనిషి మాత్రం నోరు కుట్టేసుకుని కూర్చుంది.

పొట్ట వదలాలి. పొద్దుట్నుంచీ ప్రతిసారీ వదిలింది. ఇంతసేపు పట్టి, ఇక వదిలేస్తుంది. ఆమె కాచుకుంది.

"అత్తయ్యా."

"ఊఁ."

"అడగండి."

ఆవిడ గిరుక్కున తిరిగింది. కోడలి మొహం చూసింది. మొహంలో రక్తం లేదు, పై పెదవి మీద చెమట. ఒళ్ళోంచి సంచీ జారి, బిడ్డ కోసం తెచ్చిన గుడ్డలు నేల మీద పరుచుకున్నాయి.

"నొప్పి గానీ…" అని, మిగతాది అనలేకపోయింది.

"పొద్దున్న లేచినప్పటి నుంచీ వస్తున్నాయి. డాక్టరమ్మకి అబద్ధం చెప్పాను. అన్నీ వచ్చి వెళ్ళిపోయేవి." ఆమె రెండు చేతులతో పాత కుట్టు మీద అదిమి పట్టుకుంది. "ఇది వెళ్ళట్లేదత్తయ్యా."

అత్తగారు తలుపు తీసేసరికి వరండాలో ఒక్క మనిషీ లేడు. పైన, డాక్టరమ్మ వెళ్ళిన ఆపరేషన్ గది ముందు ఎర్ర దీపం వెలుగుతోంది.